రాయబారి ప్రయాణానికి వద్దు అనగలిగేదెవరు?

యుద్ధమో అంతర్యుద్ధమో సాగుతున్న దేశంలో ఒక రాయబారి రాజధాని దాటి మరో ఊరికి వెళ్ళి రావాలనుకున్నప్పుడు, ఆ మాట విన్న ప్రతివారూ మొదట అడిగేది బుల్లెట్‌ప్రూఫ్ వాహనం సిద్ధంగా ఉందా అని. ఇటువంటి ప్రయాణాల ఏర్పాట్లు చూసే పనిలో కొంతకాలం ఉన్నవాణ్ణి కనుక ఈ విషయంలో నాకు కొన్ని గట్టి అభిప్రాయాలు ఏర్పడ్డాయి. వాహనం ప్రస్తావన చివర్లో రావాలన్నది వాటిలో ఒకటి. అంతకు ముందే తేలవలసిన ప్రశ్నలున్నాయి. వెళ్ళి సాధించదలచిన పని ఫోన్‌లో మాట్లాడితేనో, అవతలివారిని రాజధానికి పిలిపిస్తేనో జరగదా? బయలుదేరే రోజు తెల్లవారుజామున పరిస్థితి మారితే ప్రయాణాన్ని ఆపే అధికారం ఎవరిది? ఆ మనిషి ఆపమంటే రాయబారి నిజంగా ఆగుతారా? ఈ చివరి ప్రశ్నకు కాగితం మీద సమాధానం దాదాపు అన్ని కార్యాలయాల్లోనూ ఉంటుంది, ఆచరణలో మాత్రం అరుదు.

2012 సెప్టెంబర్ 11న లిబియాలోని బెంఘాజీలో అమెరికా రాయబారి క్రిస్ స్టీవెన్స్, మరో ముగ్గురు అమెరికన్లు మరణించిన ఘటనపై ఆ దేశ విదేశాంగ శాఖ నియమించిన సమీక్షా మండలి ఒక నివేదిక ఇచ్చింది. అక్కడి భద్రతా ఏర్పాట్లు ఏమాత్రం సరిపోనివని తేల్చిన భాగమే పత్రికల్లో ఎక్కువగా కనిపించింది గానీ, నాకు అంతకంటె ముఖ్యంగా తోచినవి అందులోనే మరికొన్ని ఉన్నాయి. లిబియా రాజధాని ట్రిపోలీ నుంచి బెంఘాజీకి సాగిన ఆ పర్యటనకు వెంట ఉండే రక్షణ సిబ్బందిని చాలా తక్కువగా కేటాయించారనీ, అక్కడ ఆయన ప్రాంగణం దాటి ఎక్కడెక్కడికి వెళ్ళబోతున్నారో ట్రిపోలీలోని సహోద్యోగులకు పూర్తిగా తెలియదనీ ఆ మండలి గుర్తించింది. బెంఘాజీని ఆయన ఎరిగినంతగా మరెవరూ ఎరగరు కాబట్టి ఆయన అంచనాకు వాషింగ్టన్ అసాధారణమైన విలువ ఇచ్చిందని కూడా చెప్పింది. ఆయన వెళ్ళకుండా ఉండవలసిందని నేననడం లేదు, ఎందుకంటే ఆ నేల మీది మనుషులతో ఎదురుగా కూర్చుని మాట్లాడకపోతే రాయబారి పనికి అర్థమే లేదు. అయితే ప్రయాణం చేయాలన్న కోరిక, ప్రమాదాన్ని అంచనా వేసే బాధ్యత, తుది నిర్ణయం మూడూ ఒకే మనిషిలో కలిసిపోయినప్పుడు, ఆ మనిషి ఎంత అనుభవజ్ఞుడైతే ఎదురు చెప్పేవారు అంతగా తగ్గిపోతారు.

అందుకే ఆపవలసిన పరిస్థితులేమిటో ముందుగానే, మనసు తీరికగా ఉన్నప్పుడే రాసి, దాని కింద రాయబారి చేతనే సంతకం చేయించడం నాకు నచ్చిన పద్ధతి. గడచిన ఇరవై నాలుగు గంటల్లో ఆ దారిలో కాల్పులో వాహన అపహరణో జరిగినా, క్షతగాత్రులను తరలించే హెలికాప్టర్ ఎగరలేని వాతావరణం ఉన్నా, అవతలి ఊళ్ళో మనకు హామీ ఇచ్చిన వ్యక్తి ఆ ఉదయం ఫోన్‌కు దొరకకపోయినా ప్రయాణం రద్దు. మధ్యాహ్నం ఫలానా గంట దాటితే తిరుగు ప్రయాణం మొదలుపెట్టకూడదు, రాత్రికి అక్కడే సురక్షితమైన చోట ఉండిపోవాలి. ఇలా రాసి ఉంచితే, ఆ రోజు ఉదయం ఆరు గంటలకు ఒక చిన్న భద్రతాధికారి తనకంటె ఎంతో పెద్ద హోదాలో ఉన్న మనిషితో వాదించవలసిన పని ఉండదు, ఆ కాగితాన్ని ఎదురుగా పెడితే చాలు. రద్దయిన ప్రయాణానికి సంజాయిషీ అడిగే అలవాటు ఉన్న కార్యాలయంలో మాత్రం ఏ కాగితమూ పనిచేయదు.

చట్టం సంగతికి వస్తే, దౌత్య సంబంధాలపై 1961లో కుదిరిన వియన్నా ఒప్పందంలోని 29వ అధికరణం ప్రకారం దౌత్యవేత్త శరీరానికి, స్వేచ్ఛకు, గౌరవానికి హాని కలగకుండా తగిన చర్యలన్నీ తీసుకోవడం ఆతిథ్య దేశపు బాధ్యత. 26వ అధికరణం దేశమంతటా తిరిగే స్వేచ్ఛనిస్తూనే, జాతీయ భద్రత కారణంగా కొన్ని ప్రాంతాలను నిషేధించే లేదా నియంత్రించే వీలును ఆ దేశానికి మిగిల్చింది. సాయుధ పోరాటం జరుగుతున్నా సరే, విదేశీ దౌత్యవేత్తలు వీలైనంత త్వరగా దేశం విడిచి వెళ్ళడానికి తోడ్పడాలని 44వ అధికరణం చెబుతుంది. ఈ హామీలన్నీ ఒక ప్రభుత్వం ఇచ్చినవి, ఆ ప్రభుత్వపు మాట ఏ చెక్‌పోస్టు దాకా చెల్లుతుందో అక్కడి దాకానే పనికివస్తాయి. అది దాటితే దౌత్య పాస్‌పోర్టు చూపడం మంచిదో కాదో కూడా ఆలోచించుకోవలసిందే. ఇక్కడే మరో చిక్కు ఉంది. ప్రభుత్వం సైనికుల్ని తోడు పంపుతానంటుంది. అంతర్యుద్ధంలో ఆ సైన్యం ఒక పక్షం గనుక, దాని ట్రక్కుల వెనుక సాగే కాన్వాయ్ కూడా ఆ పక్షానిదే అన్నట్టు దారి పొడవునా జనానికి కనిపిస్తుంది. తోడు వద్దంటే ఆతిథ్య దేశం నొచ్చుకుంటుంది, కావాలంటే అవతలి పక్షానికి మనం గురి అవుతాం. ఈ విషయంలో అన్నిచోట్లా చెల్లే సూత్రమేదీ నాకు తెలియదు. ఏ దారికి ఆ దారి విడిగా తేల్చుకోవలసిందే.

దారి గురించి చెప్పాలంటే 2021 ఫిబ్రవరి 22న తూర్పు కాంగోలో జరిగినది గుర్తు చేసుకోక తప్పదు. గోమా నుంచి రుత్షురు వైపు, ఐక్యరాజ్యసమితి సంస్థ అయిన ప్రపంచ ఆహార కార్యక్రమం పాఠశాల పిల్లలకు అందిస్తున్న భోజన పథకాన్ని చూడడానికి బయలుదేరిన చిన్న కాన్వాయ్‌ను సాయుధులు అడ్డగించారు. ఇటలీ రాయబారి లూకా అట్టనాసియో, ఆయన అంగరక్షకుడు విట్టోరియో ఇయాకొవాచి, డ్రైవర్ ముస్తఫా మిలాంబో మరణించారు. సాయుధ రక్షణ లేకుండా వెళ్ళడానికి ఆ దారికి అంతకు ముందే అనుమతి లభించి ఉందని ఆ సంస్థ ప్రకటించింది. వీరుంగా అరణ్యం పక్కగా వెళ్ళే ఆ దారి సాయుధ ముఠాల సంచారానికి, అపహరణలకు పేరుపడినదే. ఒక దారి సురక్షితమని ఒకసారి ముద్ర వేస్తే, ఆ ముద్ర ఎన్ని రోజులు చెల్లుతుంది, ఎవరి ప్రయాణానికి చెల్లుతుంది అన్న ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలదు. రోజూ తిరిగే సహాయక సిబ్బందికి సరిపోయే అంచనా, విదేశీ రాయబారి ఎక్కిన వాహనానికి సరిపోకపోవచ్చు.

ఒక దారి ఆ వారం ఎలా ఉందో అధికారిక నివేదికల కంటె ముందుగా లారీ డ్రైవర్లకు, మినీబస్సులు నడిపేవారికి తెలుస్తుంది. రోజూ కనిపించే సరుకు లారీలు ఉన్నట్టుండి కనిపించకపోవడం, సంత రోజున అంగళ్ళు తెరుచుకోకపోవడం, దారి పక్క ఊళ్ళో పిల్లలు బయట ఆడుకోకపోవడం వంటివి భద్రతాధికారి నోటుపుస్తకంలో ఉండవలసిన విషయాలు. మందుపాతరలు ఉన్న ప్రాంతంలోనైతే తారు రోడ్డు అంచు దిగడం, ఎదురొచ్చే బండికి దారి ఇవ్వడానికైనా సరే, నిషిద్ధం. మూత్రవిసర్జనకు దిగేవారికి కూడా ఈ మాట ముందే మొహమాటం లేకుండా చెప్పాలి.

దాడుల గురించే ఆలోచించి, దారి తానే మనిషిని చంపగలదన్న సంగతి మరిచిపోయేవారూ ఉన్నారు. బోస్నియా యుద్ధంలో 1995 ఆగస్టు 19న రిచర్డ్ హోల్‌బ్రూక్ నాయకత్వంలోని అమెరికన్ శాంతి బృందం ముట్టడిలో ఉన్న సరయేవోకు ఇగ్మాన్ కొండ మీది ఇరుకు మట్టి దారిన వెళ్ళింది. విమానంలో వెళ్ళడానికి, ఆ ముట్టడి వేసిన సెర్బ్ పక్షం నుంచి నమ్మదగిన హామీ దొరకకపోవడమే అందుకు కారణం. వెనుక వస్తున్న ఫ్రెంచ్ సాయుధ శకటం బరువుకు దారి అంచు విరిగి, అది లోయలోకి దొర్లిపోయి, ఆ బృందంలోని రాబర్ట్ ఫ్రేజర్, జోసెఫ్ క్రుజెల్, నెల్సన్ డ్రూ మరణించారు. తూటాల నుంచి కాపాడడానికి వాడిన బరువే ఆ దారిలో ప్రాణాంతకమైంది. బుల్లెట్‌ప్రూఫ్ వాహనం కూడా అంతే. మామూలు వాహనంతో పోలిస్తే దాని బరువు చాలా హెచ్చు, బ్రేకు వేశాక ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది, మలుపులో తేలికగా బోల్తా పడుతుంది. దాన్ని నడపడంలో శిక్షణ లేని డ్రైవరుకు తాళాలిచ్చి పంపడం కంటె, దారి నిజంగా ప్రశాంతంగా ఉంటే, మామూలు వాహనమే మేలని నా అభిప్రాయం.

ప్రయాణ సమాచారాన్ని ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు అన్నది మరో పెద్ద సమస్య. 2022 ఫిబ్రవరి 24 నుంచి ఉక్రెయిన్ గగనతలం పౌర విమానాలకు మూతపడడంతో, విదేశీ నాయకులు పోలండ్ సరిహద్దులోని షెమిషుల్ నుంచి రాత్రంతా రైలులో ప్రయాణించి కీవ్ చేరుకుంటున్నారు. 2023 ఫిబ్రవరి 20న అమెరికా అధ్యక్షుడు బైడెన్ వెళ్ళింది, 2024 ఆగస్టు 23న భారత ప్రధాని మోదీ వెళ్ళింది ఇలాగే. బైడెన్ పర్యటనను చివరి దాకా గుట్టుగా ఉంచారు, అయినా ఆయన బయలుదేరడానికి కొన్ని గంటల ముందు ఆ సంగతి రష్యాకు తెలియజేశారు. పొరపాటున దాడి జరగకుండా చూసుకోవడమే దాని ఉద్దేశం. అంటే పత్రికలకు చెప్పని విషయాన్ని పోరాడుతున్న పక్షానికి చెప్పారన్నమాట. క్షిపణులున్న సైన్యానికి ఈ పద్ధతి సరిపోతుంది, ఎందుకంటే దానికి ఒక సేనాధిపతి, ఒక ఫోన్ నంబరు ఉంటాయి. డబ్బు కోసం అపహరించే ముఠాకు మన వేళలు చెప్పడం ఆహ్వానం పంపడంతో సమానం. ఎదుట ఉన్నది ఎవరో తేల్చుకోకుండా గోప్యత గురించి మాట్లాడడం వృథా.

దూర ప్రయాణాలకు ఇంత జాగ్రత్త పడేవారు రోజూ ఇంటి నుంచి కార్యాలయానికి వెళ్ళే రాకపోకలను ప్రయాణంగానే లెక్కించరు. 2008 జూలై 7న కాబూల్‌లోని భారత రాయబార కార్యాలయం గేటు దగ్గర, అధికారుల వాహనం లోపలికి వస్తున్న ఉదయపు వేళలోనే కారు బాంబు పేలింది. దౌత్యాధికారి వి. వెంకటేశ్వరరావు, రక్షణ విభాగాధికారి బ్రిగేడియర్ ఆర్.డి. మెహతా అందులో ప్రాణాలు కోల్పోయారు. గేటు తెరుచుకునేదాకా వాహనం కదలకుండా నిలబడే ఆ కొద్ది క్షణాలు దారి మొత్తంలోకి ప్రమాదకరమైనవి. వేళలు మార్చవచ్చు, దారులు మార్చవచ్చు, గేటును మార్చలేం. కాబట్టి వాహనం రాకముందే గేటు దగ్గరి పరిసరాలను పరిశీలించి, అది ఆగనక్కర లేకుండా లోపలికి వచ్చేలా చూడాలి.

వైద్యం గురించి క్లుప్తంగా చెబుతాను. రక్తస్రావాన్ని ఆపే పట్టీ ప్రతి మనిషి దగ్గరా ఉండాలి, డిక్కీలోని పెట్టెలో ఉంటే లాభం లేదు. శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రి ఎంత దూరమో మ్యాపులో చూసి ఊరుకోకుండా, ఆ వారం అక్కడ సర్జన్, రక్తం, కరెంటు ఉన్నాయా అని కనుక్కోవాలి. శాటిలైట్ ఫోన్‌కు చాలా దేశాల్లో ముందస్తు అనుమతి అవసరం. అనుమతి లేకుండా చెక్‌పోస్టులో దొరికితే గూఢచర్యం అనుమానం మీద పడుతుంది.

ఇక తిరుగు దారి. 2023 ఏప్రిల్ 15న సూడాన్‌లో సైన్యానికి, అర్ధ సైనిక దళానికి మధ్య పోరు మొదలైనప్పుడు రాజధాని ఖార్టూమ్ విమానాశ్రయం తొలి రోజే యుద్ధరంగమైపోయింది. దాన్నే నమ్ముకున్న తరలింపు పథకాలన్నీ ఒక్క ఉదయంతో చెల్లకుండా పోయాయి. ఐక్యరాజ్యసమితి కాన్వాయ్ దాదాపు 850 కిలోమీటర్ల దూరంలోని పోర్ట్ సూడాన్‌కు చేరడానికి 35 గంటలు పట్టింది. భారత ప్రభుత్వం తనవారిని తరలించడానికి చేపట్టిన ఆపరేషన్ కావేరిలో భారతీయులు కూడా బస్సుల్లో అదే రేవుకు చేరి, అక్కడి నుంచి నౌకల్లోనూ విమానాల్లోనూ జెడ్డాకు వెళ్ళారు. అంత దూరానికి డీజిల్, తాగునీరు, దారిలో చెల్లే నగదు నిల్వ ఉంచుకున్నవారు త్వరగా కదలగలిగారని వేరే చెప్పనక్కర లేదు. వీసాల కోసం ఇచ్చిన ఎందరో సూడాన్ పౌరుల పాస్‌పోర్టులు మూతపడిన కొన్ని పాశ్చాత్య రాయబార కార్యాలయాల్లో చిక్కుకుపోయాయి, దాంతో వారు దేశం దాటలేకపోయారు. మన సురక్షిత నిష్క్రమణ గురించి వేసుకునే పథకంలో ఇటువంటివారికి ఒక పంక్తి కూడా ఉండకపోవడం నాకు సిగ్గుగా అనిపిస్తుంది.

స్థానిక డ్రైవర్లు, అనువాదకుల విషయమూ ఇంతే. విదేశీయుడు పర్యటన ముగించుకుని రాజధానికి, అక్కడి నుంచి స్వదేశానికి వెళ్ళిపోతాడు. డ్రైవరు మాత్రం అదే దారి పక్కన, అతణ్ణి ఆ వాహనంలో చూసినవారి మధ్యనే కాపురం ఉంటాడు. అతని కులమో తెగో మతమో ఫలానా చెక్‌పోస్టులో అతనికి ముప్పు తెస్తుందేమో అతణ్ణే విడిగా, బలవంతం లేకుండా అడగాలి. రాలేనంటే జీతం తగ్గదని ముందే చెప్పాలి. బీమా, కవచం, హెల్మెట్ రాయబారికి ఏ స్థాయివో అతనికీ ఆ స్థాయివే ఉండాలి.

తిరిగి వచ్చిన సాయంత్రమే, అందరూ స్నానాలకు వెళ్ళకముందే, డ్రైవరుతో కూర్చుని దారి వివరాలు రాసుకోవాలి. ఏ చెక్‌పోస్టులో ఎవరున్నారు, వారి దుస్తులు ఏ దళానివి, డబ్బు అడిగారా, ఏ వంతెన బలహీనంగా ఉంది, ఎక్కడ ఫోన్ సిగ్నల్ పోయింది అన్నవి ఆ రాత్రికే ఇతర రాయబార కార్యాలయాలకు, సహాయక సంస్థలకు చేరాలి. ఆ కాగితం మీద తేదీతో పాటు గంట కూడా వేయించేవాణ్ణి. రెండు రోజులు దాటిన దారి సమాచారంతో మళ్ళీ విచారించకుండా ఏ వాహనాన్నీ గేటు దాటనిచ్చేవాణ్ణి కాదు.