ఫోర్ట్ మెక్‌ముర్రే ఆయిల్ శాండ్స్ పిల్లలకు చూపిస్తున్నారా? తెలుగులోనే చెప్పండి

కెనడాలోని అల్బెర్టాలో మన పిల్లల చెవిన తెలుగు పడేది ఎక్కువగా వంటింట్లో, పూజ దగ్గర, తాతయ్య అమ్మమ్మలతో వీడియో కాల్‌లో. యంత్రాలూ, ఇంధనమూ, జీతాల ఊసు వచ్చేసరికి ఇంట్లో అందరం ఇంగ్లీషులో పడిపోతాం. తారులాంటి నూనె కలిసిన ఇసుకను, అంటే ఆయిల్ శాండ్స్‌ను, తవ్వే గనుల వైపు వెళ్లే ఈ ప్రయాణంలో మాత్రం ఆ మాటలన్నీ తెలుగులో నడిపించండి.

బయల్దేరే ముందు ఇంట్లో ఒక ప్రయోగం చేయించండి. గాజు గిన్నెలో కప్పు ఇసుక, రెండు చెంచాల బంకమట్టి వేసి, రెండు చెంచాల నీళ్లతో తడపాలి. కాస్త కోకో పొడి కలిపిన రెండు చెంచాల వంటనూనె పోసి పిసకాలి. చెయ్యి పట్టేంత వేడినీళ్లు మూడు కప్పులు, చిటికెడు వంటసోడా వేసి గరిటెతో గట్టిగా తిప్పితే ఇసుక దిగుతుంది, నూనె తేలుతుంది. ముందుగా తడపకపోతే నూనె ఇసుకను పట్టుకుని సరిగా వదలదు. ఫోర్ట్ మెక్‌ముర్రే చుట్టూ ఉన్న అథబాస్కా ప్రాంతపు ఇసుకలో ప్రతి రేణువు చుట్టూ పల్చటి నీటి పొర, దాని మీద బిట్యుమెన్ (తారులాంటి చిక్కటి నూనె) ఉంటాయి. 1920లలో శాస్త్రవేత్త కార్ల్ క్లార్క్ ఇసుక నుంచి నూనె వేరుచేసే వేడినీటి పద్ధతి ఫలించిందంటే ఆ పొర చలవే. ఒక్క తేడా చెప్పడం మరవకండి: బిట్యుమెన్ దాదాపు నీళ్లంత బరువు, గాలి బుడగలు అంటుకుంటేనే నురగై పైకి వస్తుంది. మర్నాడు అదే గిన్నె మళ్లీ చూపించండి. ఇసుక ఎప్పుడో అడుగున చేరింది, బంకమట్టి మాత్రం నీళ్లను తేరనివ్వదు. గనుల పక్కన, నూనె తీశాక మిగిలిన బురదనీళ్లు నిలవుంచే టెయిలింగ్స్ చెరువులు అంతంత పెరగడానికి ముఖ్య కారణం ఇదే.

ఎడ్మంటన్ నుంచి ఫోర్ట్ మెక్‌ముర్రేకు దాదాపు 435 కిలోమీటర్లు, నాలుగున్నర గంటలు. హైవే 63 మీద వాండరింగ్ రివర్ దగ్గర ట్యాంకు నింపుకుని, పిల్లల్ని బాత్రూమ్‌కి తీసుకెళ్లండి. ఆ తర్వాత చాలా దూరం అడవే, ఫోన్ సిగ్నలూ అక్కడక్కడే. పులిహోర, పెరుగన్నం కారులో ఉంటే నిశ్చింత.

గనిలోకి సొంత కారు రానివ్వరు. ఊళ్లో ఉన్న ఆయిల్ శాండ్స్ డిస్కవరీ సెంటర్‌తో మొదలుపెట్టండి. వెళ్లే ముందు పనివేళలు చూసుకోవాలి. అక్కడి సైరస్ అనే బకెట్‌వీల్ ఎక్స్‌కవేటర్ (చక్రానికి బకెట్లు బిగించిన తవ్వే యంత్రం) 850 టన్నులు, ఏడంతస్తుల ఎత్తు. గనుల్లో తిరిగే క్యాటర్‌పిల్లర్ 797 ట్రక్కు ఒక్క విడతకు దాదాపు 363 టన్నులు మోస్తుంది, టైరే నాలుగు మీటర్లు. రెండు టన్నుల ఇసుకకు సుమారు ఒక పీపా నూనె, పీపాకు 159 లీటర్లు. ఒక లోడుకు ఎన్ని లీటర్లో పిల్లలతోనే లెక్క కట్టించండి.

గోదావరిఖని, మణుగూరు వైపు నుంచి తాతయ్యలు వచ్చి ఉంటే వాళ్లను వెంటబెట్టుకెళ్లడం నా దృష్టిలో అన్నిటికన్నా మేలు. ఓబీ (బొగ్గు మీదుండే మట్టీ రాయీ), డంపర్, షవెల్ (తవ్వే యంత్రం), షిఫ్టు గురించి సింగరేణి మనిషి చెప్పినట్టు ఏ బోర్డూ చెప్పలేదు. బొగ్గు ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ కావాలి, ఇక్కడ మామూలుగా షవెల్ నేరుగా తవ్వేస్తుంది. ఈ తేడా మనవడికి ఆయనే విప్పి చెప్పాలి.

ఊరికి ఉత్తరాన హైవే పక్కన కారు ఆపి ఫోటోలు తీయకండి, భారీ వాహనాల రాకపోకలుంటాయి. గాలిలో తారు వాసన, ఒక్కోసారి కుళ్లిన గుడ్డు వాసన రావచ్చు. ఆస్తమా ఉన్న పిల్లలకు ఇన్‌హేలర్ చేతిలో ఉండాలి. దూరంగా ఢాం ఢాం మంటే బెదరొద్దనండి, అవి చెరువుల మీద పక్షులు వాలకుండా పేల్చే గ్యాస్ ఫిరంగులు. ఎందుకని అడిగితే దాచకండి: 2008 ఏప్రిల్‌లో అలాంటి చెరువులో వాలి దాదాపు 1,600 బాతులు చచ్చిపోయాయి. మన జీతం ఈ పరిశ్రమదే అయినా పిల్లలకు ఇది తెలియాలి. ఇక్కడి ఆదివాసులైన క్రీ, డెనే ప్రజలు ఈ తారుతో పడవల అతుకులు పూడ్చుకునేవారనీ, ఇది వాళ్ల నేల అనీ కూడా తెలియాలి. గని పని అయ్యాక తిరిగి చెట్లు పెంచిన గేట్‌వే హిల్‌కు 2008లో నేలను బాగుచేసినట్టు ప్రభుత్వ ధ్రువపత్రం వచ్చింది, 104 హెక్టార్లు. తవ్విన నేల ముందు అది చాలా తక్కువ.

డైనోసార్ పిచ్చి ఉన్న పిల్లలకు ముందే చెప్పి ఉంచండి: 2011లో సన్‌కోర్ కంపెనీ మిలీనియం గనిలో బయటపడ్డ, సుమారు 11 కోట్ల ఏళ్ల నాటి నోడోసార్ (ఒంటిమీద కవచం ఉండే డైనోసార్) శిలాజం ఇక్కడ లేదు. అది డ్రమ్‌హెల్లర్‌లోని రాయల్ టిరెల్ మ్యూజియంలో ఉంది. కాల్గరీ నుంచి గంటన్నర దూరం, దానికి వేరే వారాంతం పెట్టుకోవాలి.