తాతయ్య రేడియో, పదకొండో ఆదివారం: మోత ఇంకా పోలేదు

తాతయ్య పాత వాల్వు రేడియోను ఆదివారాల్లో బాగుచేస్తున్నాను. ఈ వారం కూడా దాని మోతే గెలిచింది.

స్విచ్చి వేసిన అర నిమిషానికి వాల్వులు (ట్రాన్సిస్టర్లకు ముందటి గాజు గొట్టాలు) వెచ్చబడతాయి. 738 కిలోహెర్ట్జ్ మీద ఆకాశవాణి హైదరాబాద్ శుభ్రంగా వినిపిస్తుంది. ఆ గొంతు వెనకాల మాత్రం డబ్బాలో పెట్టి మూసిన తుమ్మెద. వాల్యూమ్ పూర్తిగా సున్నాకు తిప్పితే వార్తలు చదివే ఆవిడ ఊరుకుంటుంది, తుమ్మెద ఊరుకోదు. నాలుగు గంటలు కూర్చున్నాను. భోజనానికి మూడుసార్లు పిలిచి అమ్మ కూడా విసుగు చెందింది.

మిగతా పనులు బాగానే ఉన్నాయి. డయలు తాడు మార్చాను, ముల్లు జారడం లేదు. చెక్కపెట్టెకు లక్క పాలిషు మూడు పూతలు పడ్డాయి, మెరుస్తోంది. ఇక మోత సంగతి.

కరెంటులోని ఏసీ అలను అణిచే ఫిల్టరు కండెన్సర్లు పాతబడ్డాయని మొదట అందరిలాగే నేనూ అనుకున్నాను. పాత 32, 32 మైక్రోఫారాడ్ల జంట తీసి, 33వి రెండు, 450 వోల్టుల నిచికాన్ కంపెనీవి వేశాను. ఆన్‌లైన్‌లో చవకగా దొరికేవి ఒకసారి వేసి బుద్ధి తెచ్చుకున్నాను కాబట్టి ఈ విషయంలో నాకు బేరం లేదు. మొదటి కండెన్సర్ దగ్గర 258 వోల్టులు, దాని మీద అల 5 వోల్టులు. రెండో దాని దగ్గర 236 వోల్టులు, అల 0.2. ఇవి మంచి అంకెలే. మోత మాత్రం వెంట్రుకంత కూడా తగ్గలేదు.

అప్పుడు చేయవలసిన పని, అంటే మొదటే చేయవలసిన పని, చేశాను. స్పీకరు తీగల నుంచి వచ్చే సంకేతాన్ని రెండు రెసిస్టర్లతో తగ్గించి లాప్‌టాప్‌కు ఇచ్చి, మోత ఎన్ని హెర్ట్జ్‌లో ఉందో చూశాను. 100 హెర్ట్జ్ దగ్గర దాదాపు ఏమీ లేదు. 50 దగ్గర పెద్ద శిఖరం, 150 దగ్గర దాని తమ్ముడు. ఇంటి కరెంటు 50 హెర్ట్జ్‌ది. దాని రెండు సగాలనూ వాడుకునే ఇలాంటి ఫుల్‌వేవ్ సెట్టులో ఫిల్టరు చెడితే 100 రావాలి. 50 వచ్చిందంటే తప్పు వాల్వులను వెచ్చబెట్టే హీటరు తీగల్లోనో, ఎర్తు కలిసే చోటో. కండెన్సర్ల డబ్బు దండగ అనను గానీ, తొందర పడ్డాను.

ధ్వని సంకేతాన్ని పెంచే ఇబిసి 81 వాల్వు పీకితే మోత పోతుంది. కోఠి గుజరాతీ గల్లీలో 450 రూపాయలు పెట్టి ఇంకొకటి తెచ్చి పెడితే మళ్లీ అదే మోత. వాల్వు మంచిదే. దాని గ్రిడ్డును (సంకేతం లోపలికి వచ్చే కొసను) 0.1 మైక్రోఫారాడ్ కండెన్సర్‌తో ఛాసిస్‌కు, అంటే సెట్టు అడుగు రేకుకు, కలిపాను, మోత పోలేదు. అదే గ్రిడ్డును ఛాసిస్‌కు కాక వాల్వు కాథోడ్ (ఎలక్ట్రాన్లు వెలువడే కొస) పిన్నుకే కలిపితే ఠక్కున ఆగింది. ఇక్కడ ఒక వారం అంతా బుర్ర గోక్కున్నాను. కాథోడ్ ఎర్తుకే కదా కలిసి ఉంది, రెండూ ఒకటే కావాలి కదా! మీటరు పెట్టి చూస్తే కాథోడ్‌కూ ఛాసిస్‌కూ మధ్య సున్నా ఓములు. మళ్లీ చూశాను. మళ్లీ సున్నా.

ఆ కాథోడ్ తీగ వెళ్లి చేరే ట్యాగు (తీగలు అతికించడానికి ఛాసిస్‌కు రివెట్టు కొట్టిన రేకు) గురించి చెప్పాలంటే తాతయ్య గురించి చెప్పాలి.

తాతయ్య సైన్యంలో యంత్రాలు, రేడియోలు బాగుచేసే ఈఎంఈ దళంలో రేడియో మెకానిక్. సికింద్రాబాద్‌లోనే శిక్షణ, 24 ఏళ్ల నౌకరీ, 1965, 1971 రెండు యుద్ధాలు, నాయబ్ సుబేదారుగా పింఛను, మల్కాజిగిరిలో రెండు గదుల ఇల్లు. ఈఎంఈ 1943 అక్టోబరు 15న పుట్టిన దళం కాబట్టి ఏటా ఆ రోజున పతకాలు పెట్టుకునేవారు. సమర్ సేవా స్టార్, పశ్చిమీ స్టార్ ఏ వరుసలో రావాలో అమ్మమ్మకు కూడా కంఠతా వచ్చు. యుద్ధం గురించి అడిగితే మాత్రం ట్యాంకుల్లోని 19 నంబరు వైర్‌లెస్ సెట్లు ఎలా చెడిపోతాయో చెప్పేవారు. దుమ్ము, అదురు, తేమ. మాకు తుపాకుల కథ కావాలి, ఆయనకు దుమ్ము కథ కావాలి. టార్చి పట్టుకునే పని నాది. చేయి కదిలితే చెవి మెలిపెట్టేవారు.

టంకం వేయడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. "తీగను ముందు చుట్టరా. టంకం అతుకు కాదు, అతుకు మీద మూత. బండి గుంతలో పడ్డప్పుడు ఆగేది చుట్టు" అనేవారు. ఈ సెట్టులో ఆయన చేతి అతుకులు ఇట్టే తెలిసిపోతాయి: ఒకటిన్నర చుట్టు, మిరియపు గింజంత టంకం, పైన ఎర్రచుక్క. వర్క్‌షాపులో పరీక్ష అయిన అతుకు మీద లక్క చుక్క పెట్టేవారట. ఇంట్లో లక్క లేదు కాబట్టి అమ్మమ్మ తిలకం సీసా! ఇప్పుడది నల్లబడి జేగురు రంగుకు వచ్చింది. ఛాసిస్ కింద ఇలాంటి చుక్కలు పద్నాలుగు లెక్కపెట్టాను.

ఆ ట్యాగు మీద ఉన్నది వాటిలో ఒకటి. మూడు తీగలు అక్కడ చేరాయి: ఇబిసి 81 కాథోడ్, వాల్యూమ్ కంట్రోల్ తొడుగు, ట్రాన్స్‌ఫార్మర్ హీటరు చుట్ట తాలూకు ఎర్తు కొస. దాన్ని కరిగించాల్సి వస్తుందేమోనన్న భయంతోనే మూడు వారాలుగా వేరే చోట్ల తవ్వుతున్నానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఈ ఆదివారం వాల్వుల హీటర్లు తీసుకునే కరెంటు లెక్క వేశాను. ఇసిహెచ్ 81కి 0.3 ఆంపియర్లు, ఇఎఫ్ 89కి 0.2, ఇబిసి 81కి 0.23, ఇఎల్ 84కి 0.76. మొత్తం దాదాపు 1.5. ఏసీని డీసీగా మార్చే ఇజెడ్ 80 హీటరుకు వేరే చుట్ట ఉంది కాబట్టి దాన్ని కలపలేదు. ఈ ఒకటిన్నర ఆంపియర్లూ ఛాసిస్ గుండా ఆ ట్యాగులోకి వెళ్లాలి. నా మీటరులో అతి చిన్న అంకె 0.1 ఓము. అందులో పదోవంతు ఉన్నా అది సున్నా అనే చూపిస్తుంది. కాబట్టి ఓములు వదిలేసి, సెట్టు నడుస్తుండగా ట్యాగుకూ ఛాసిస్‌కూ మధ్య ఏసీ మిల్లీవోల్టులు చూశాను. 12! అంటే 8 మిల్లీఓములు. మూడు వారాలు నన్ను తిప్పింది ఇదే. ఆ 12 మిల్లీవోల్టులను కాథోడ్ దగ్గర అందుకుని వాల్వు తన పని తాను చేస్తోంది, పెంచుతోంది.

ఇంకా దగ్గరికి వెళ్లాను. మీటరు ముల్లు ఒకటి తీగ మీద, ఇంకొకటి ట్యాగు రేకు మీద పెడితే 0.2. ట్యాగు రేకు నుంచి ఛాసిస్‌కు 11.8. ఆయన టంకంలో దోషం లేదు! కింద ఫ్యాక్టరీ రివెట్టు తుప్పు పట్టింది. ఆ కాసేపు మోత పోయినంత సంతోషం.

క్రొకోడైల్ క్లిప్పుతో మందపాటి తీగ ఒకటి ట్యాగు నుంచి ఛాసిస్‌కు అడ్డంగా వేశాను. 12 కాస్తా 4 అయింది. స్పీకరు దగ్గర మోత 180 మిల్లీవోల్టుల నుంచి 60కి దిగింది. గది అవతల నుంచి వినిపించదు, దగ్గర కూర్చుంటే వినిపిస్తుంది. క్లిప్పు పట్టు అంతే, దాని మీద ఆశ పెట్టుకోకూడదు.

శాశ్వతంగా ఏం చేయాలన్నదే ఇప్పుడు తగవు. ట్యాగు మీద కొత్త తీగ అతికించాలంటే టంకం వేసే నా సోల్డ్రాన్ 25 వాట్లది చాలదు, ఛాసిస్ వేడిని తాగేస్తుంది. 65 వాట్లది పెడితే ట్యాగు మొత్తం కాలి తాతయ్య అతుకు కారిపోతుంది. హీటరును ఛాసిస్ నుంచి పూర్తిగా విడదీసి, రెండు 100 ఓముల రెసిస్టర్లతో మధ్య ఎర్తు చేయడం పుస్తకం ప్రకారం మేలైన పద్ధతి. అలా చేస్తే సాకెట్లన్నీ మళ్లీ చుట్టాలి, పద్నాలుగు చుక్కల్లో సగం పోతాయి. తాతయ్యే ఉంటే ఒక్క క్షణం ఆలోచించకుండా తీసిపారేసేవారని నాకు తెలుసు. తన పని మీద ఆయనకు మమకారం లేదు, సెట్టు పలకాలి అంతే. నాకు ఆ నిబ్బరం లేదు.

అందుకని మధ్యే మార్గం. ట్యాగుకు అవతలి కొసన వాడని చెవి ఒకటి ఉంది. దాని కింద ఛాసిస్‌ను తెల్లగా గీకి, 3 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, రంపపు పళ్ల వాషరుతో బోల్టు బిగిస్తాను. లోహపు పొడి వాల్వు సాకెట్లలో పడకుండా చుట్టూ గోధుమపిండి ముద్ద అద్దాలి. మిల్లీవోల్టు కంటే కిందికి వస్తుందని నా అంచనా. రాకపోతే రెసిస్టర్లే గతి.

రాణిగంజ్‌లో ఇత్తడి బోల్టులు విడిగా ఇస్తారట, శనివారం వెళ్లాలి. ఆ తరువాత షార్ట్‌వేవ్ 25 మీటర్ల బ్యాండు కాయిల్ సరిచేయాలి. దసరా లోపు తాతయ్య ఇనప ట్రంకుపెట్టె మీద చెరిగిపోయిన తెల్ల అక్షరాలు కూడా దిద్దాలి. ఆయన సైనిక నంబరు పాత పింఛను పుస్తకంలో ఉంటుంది.

బోల్టు బిగించాక దాని మీద కూడా ఒక చుక్క పెట్టాలి. సీసా తిలకం ఇప్పుడు ఎవరి దగ్గరుంటుందో పెద్దమ్మను అడగాలి.