న్యూస్‌ప్రింట్ మీద నిలిచే గీత

అమెరికాలో దినపత్రికలు తాకని విషయాలను గీసే స్వేచ్ఛ కార్టూనిస్టులకు ఆల్టర్నేటివ్ వీక్లీలు, అంటే ప్రధాన స్రవంతికి భిన్నంగా నడిచే వారపత్రికలు, ఇచ్చాయి. 1955లో న్యూయార్క్‌లో మొదలైన విలేజ్ వాయిస్ అనే అలాంటి వారపత్రికలో కార్టూనిస్టు జూల్స్ ఫైఫర్ మరుసటి ఏడాది నుంచే గీశారు, మొదట్లో పారితోషికం లేకుండా. 1986లో ఆయనకు పులిట్జర్ బహుమతి వచ్చింది. నేపథ్యం దాదాపు లేకుండా, ఒకే మనిషి భంగిమలు మార్చుతూ మాట్లాడే ఆయన పద్ధతి పత్రికలు అచ్చయ్యే న్యూస్‌ప్రింట్ అనే చవక కాగితానికి అద్భుతంగా సరిపోయింది.

ఎందుకంటే ఈ కాగితం సిరా పీలుస్తుంది. బూడిదరంగును అచ్చులో చూపే సన్నటి చుక్కలు ఉబ్బి, 50 శాతం బూడిదరంగు అచ్చులో 75 శాతం దగ్గరికి వెళ్తుంది. అందుకే ఇలాంటి పత్రికకు కార్టూన్ గీసేటప్పుడు బూడిదరంగు నీడలు 30 శాతం దాటకపోతే మంచిది. దట్టంగా అల్లిన అడ్డగీతలు నల్లటి మరకలవుతాయి, వాటి మధ్య తెల్ల చోటు ధారాళంగా వదలండి.

బొమ్మను అచ్చు సైజుకు ఒకటిన్నర రెట్లు గీయడం మేలు: అచ్చులో 6 అంగుళాలకు కాగితం మీద 9. కుదించినప్పుడు 0.3 మిల్లీమీటర్ల గీత 0.2 అవుతుంది. అంతకన్నా సన్నగా వద్దు, తెగిపోతుంది. చేతిరాత అక్షరాలకూ ఇదే లెక్క. చాలామంది బొమ్మ చూసుకుని అక్షరాలను మరిచిపోతారు.

స్కాన్ 1200 డీపీఐలో (అంగుళానికి 1200 చుక్కలు), బిట్‌మ్యాప్ టిఫ్‌గా, అంటే నలుపు తెలుపు మాత్రమే ఉండే టిఫ్ ఫైలుగా చేయండి. జేపెగ్ ఫైలు గీతల అంచులను చెదరగొడుతుంది. రంగు పేజీని ఒక్కో రంగుకు ఒక్కో ప్లేటుతో అచ్చువేస్తారు; అక్కడైనా గీతలు, అక్షరాలు నల్ల ప్లేటు ఒక్కదాని మీదే ఉండాలి. నాలుగు రంగులు కలిపిన నలుపైతే ప్లేట్లు కాస్త జరిగినా అక్షరాల పక్కన రంగు నీడలు తేలతాయి.