రేచీకటి నుంచి తెల్లకర్ర దాకా: నా అనుభవం

మాది నల్లగొండ. జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతాను. నాకున్న జబ్బు పేరు రెటినైటిస్ పిగ్మెంటోసా. మసక వెలుతురులో చూపునిచ్చే కణాలు ఇందులో ముందుగా నశిస్తాయి కనుక, రేచీకటితో మొదలై చూపు అంచుల నుంచి లోపలికి కుంచించుకుపోతుంది. వంశపారంపర్యంగా వచ్చే జబ్బు. మా అమ్మానాన్నలది మేనరికం.

హైదరాబాదులో చూపు పరిధిని కొలిచే ఫీల్డ్ పరీక్ష చేశారు. గడ్డం ఆనించి, వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా బటన్ నొక్కాలి. మిషన్ లోపల ఏదో కదిలే చప్పుడు వినిపించేది, చుక్క మాత్రం కనిపించేది కాదు. 2017లో అమెరికాలో అనుమతి పొందిన జన్యు చికిత్స ఆర్‌పీఈ65 అనే జన్యువులో లోపం ఉన్నవారికేనని, నాది అది కాదని డాక్టరుగారు దాపరికం లేకుండా చెప్పారు. ఆ మాటకన్నా, ఇంటికొచ్చి పసరు పోయిస్తే చూపు తిరిగొస్తుందన్న చుట్టాల మాటలే నన్ను ఎక్కువ కుంగదీశాయి. రాని చూపు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ఉన్న చూపుతో చేయగలిగిన పనులు కూడా ఆగిపోతాయి.

నాకు ధైర్యమిచ్చింది 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం. ఉద్యోగంలో ఉండగా వైకల్యం ఏర్పడిన ప్రభుత్వోద్యోగిని తొలగించడానికి గానీ, హోదా తగ్గించడానికి గానీ వీల్లేదని, చేస్తున్న పని సాగకపోతే అదే జీతంతో మరో పోస్టులోకి మార్చాలని 20వ సెక్షన్ చెబుతుంది. అది చదివిన రాత్రి చాలా రోజుల తర్వాత నిద్ర పట్టింది. చూపు పరిధి 10 డిగ్రీలకన్నా తగ్గితే అంధత్వంగానే లెక్కించాలన్నది కూడా ఆ చట్టంలోనే ఉంది. బోర్డు మీది అక్షరం చదువుతూనే పక్కనున్న బెంచీకి తగిలి పడే మనిషిని చూసి నాటకమనుకునేవారికి ఇంతకన్నా మంచి జవాబు లేదు. వైకల్యాన్ని నిర్ధారించే సదరం శిబిరంలో ధ్రువపత్రం తీసుకున్నాను.

తెల్లకర్ర పట్టుకోవడానికి మాత్రం నామోషీ అడ్డొచ్చింది. కుడికాలు ముందుకు వేసేటప్పుడు కర్ర ఎడమ పక్క నేలను తాకాలి, ఎడమకాలు వేసేటప్పుడు కుడి పక్కను. తెల్లవారుజామున క్లాక్ టవర్ దారిలో మా అమ్మాయి నా వెనకాల నడుస్తూ, "బాపూ, మోరీ వచ్చింది" అనేలోపే మూత మీద కర్ర ఖణేల్మని మోగేది. సిమెంటు, మట్టి, ఇనుము వేర్వేరుగా పలుకుతాయని అప్పుడు తెలిసింది.

పాఠాలకు ఫోనులో తెర మీది అక్షరాలను చదివి వినిపించే టాక్‌బ్యాక్ వాడుతున్నాను. యూనికోడ్ తెలుగును చక్కగా చదువుతుంది. యూనికోడ్ కాని అను ఫాంట్లలో చేసిన ఫైలు ఇస్తే అర్థంపర్థం లేని అక్షరాలు వల్లిస్తుంది. మన డీటీపీవాళ్లు ఈ సంగతి ఎప్పుడు పట్టించుకుంటారో! అందుకే అలాంటి పేజీలను ఫొటో తీసి, గూగుల్ లెన్స్‌తో అక్షరాలుగా మార్చుకుంటున్నాను.

చూపు కొంత ఉండగానే నేర్చుకుంటే మేలని ఈ వేసవి సెలవుల్లో బ్రెయిలీ మొదలుపెట్టాను. గుణింతాలు వచ్చాయి గానీ, ఒత్తుల దగ్గర వేలు ఇంకా తడబడుతోంది.