అల్జీమర్స్‌లో కాల్షియం సిగ్నలింగ్: పార్ట్ సి భయం పోగొట్టిన టాపిక్

సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్ రిజల్ట్ వచ్చింది, క్వాలిఫై అయ్యాను. మెసేజ్‌ల హడావిడి తగ్గాక ఇప్పుడు రాయడానికి కూర్చున్నాను. ఏ పుస్తకాలు, టైమ్ టేబుల్ ఎలా అని చాలామంది అడిగారు. మీరు చదివేవే నేనూ చదివాను, అందులో కొత్తేమీ లేదు. ఆలోచించి రాయాల్సిన ప్రశ్నలుండే పార్ట్ సి అంటే ఉన్న భయం ఎక్కడ పోయిందో మాత్రం చెప్తాను. యూనిట్ 4లోని కాల్షియం సిగ్నలింగ్‌ని (కణాలు కాల్షియంతో సంకేతాలు నడిపే తీరుని) అల్జీమర్స్‌తో కలిపి చదివినప్పుడు పోయింది.

మనకు దొరికే మెటీరియల్‌లో ఈ రెండూ ఎప్పుడూ కలవవు. ఒకచోట కణంలోని కాల్షియం నిల్వని వదిలే ఐపీ3 రిసెప్టర్, రయనోడిన్ రిసెప్టర్, దాన్ని మళ్లీ నిల్వలోకి తోడే సర్కా పంపు ఉంటాయి. ఇంకోచోట అల్జీమర్స్ మెదడులో పేరుకుపోయే ప్రొటీన్లు అమిలాయిడ్ బీటా, టౌ. మధ్యలో "కాల్షియం పెరిగి న్యూరాన్లు చనిపోతాయి" అని ఒక ముక్క రాసి వదిలేస్తారు. నాకు అక్కడే చిక్కొచ్చింది. ఎల్‌టీపీ (న్యూరాన్లు కలిసే చోటు, అంటే సినాప్స్, చాలాకాలం బలపడటం) జరగాలంటే కాల్షియం లోపలికి రావాలి, అది రాకపోతే జ్ఞాపకమే లేదు. మరి అదే కాల్షియం ఎక్కువైతే మతిమరుపు ఎందుకొస్తుంది?

దీని మీద చాలా రోజులు కూర్చున్నాను. "ఒక్క టాపిక్‌కి ఇంత టైమా, సిలబస్ ఎప్పుడు అవుతుంది" అని నాతో చదివేవాళ్లు నవ్వారు. నవ్వనీయండి. నా లెక్కలో ఆ టైమ్ వృథా కాలేదు.

జవాబు కాల్షియం పెరిగిందా తగ్గిందా అన్నదాంట్లో లేదు. ఎంత, ఎంతసేపు, కణంలో ఏ మూల అన్నదాంట్లో ఉంది. విశ్రాంతిలో ఉన్న న్యూరాన్ సైటోసాల్‌లో (కణం లోపలి ద్రవంలో) కాల్షియం సుమారు 100 నానోమోలార్. బయట 1 నుంచి 2 మిల్లీమోలార్. అంటే కనీసం పదివేల రెట్ల తేడా. సినాప్స్ దగ్గరి కాల్షియం ద్వారమైన ఎన్ఎండీఏ రిసెప్టర్ గుండా ఒక్కసారిగా ఎక్కువ కాల్షియం వచ్చి వెంటనే తగ్గితే కామ్‌కైనేజ్ 2 అనే ఎంజైమ్ పనిచేసి సినాప్స్ బలపడుతుంది. కొంచెం కొంచెంగా చాలాసేపు వస్తే కాల్సిన్యూరిన్ అనే ఎంజైమ్‌ది పైచేయి. కాల్షియం-కాల్మోడ్యులిన్‌ను (రెండు ఎంజైమ్‌లనూ నడిపే, కాల్షియం అంటుకున్న ప్రొటీన్‌ను) పట్టుకునే శక్తి దానికే ఎక్కువ మరి. అప్పుడు సంకేతం అందుకునే ఏఎంపీఏ రిసెప్టర్లు సినాప్స్ నుంచి లోపలికి వెళ్లిపోతాయి, ఎల్‌టీడీ (సినాప్స్ బలహీనపడటం) వస్తుంది. అల్జీమర్స్‌లో తగ్గకుండా నిలిచిపోయే కాల్షియం న్యూరాన్‌ను ఈ రెండో దారికి నెడుతుంది. కణం చనిపోవడం తర్వాతి మాట, జ్ఞాపకం అంతకుముందే దెబ్బతింటుంది. ఇది అర్థమైన రోజు నిద్రపట్టలేదు.

ఇక ప్రిసెనిలిన్. అమిలాయిడ్ బీటాని కోసి తయారుచేసే ఎంజైమ్ గామా సెక్రటేజ్‌లో ఉంటుందని రాసి అందరూ ఆగిపోతారు. ఆ ప్రొటీన్ ఉండేది ఈఆర్ (కణంలో కాల్షియం దాచే ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్) పొరలో కూడా అని గుర్తుపెట్టుకోండి. ఈఆర్‌ని కాల్షియం తొట్టి అనుకుంటే, నిండిపోకుండా కొద్దికొద్దిగా కార్చే కన్నం ప్రిసెనిలినే అని 2006లో ఒక వాదన వచ్చింది. వారసత్వంగా వచ్చే అల్జీమర్స్‌లోని మ్యుటేషన్‌తో ఆ కన్నం మూసుకుపోతే తొట్టి నిండిపోతుంది, రిసెప్టర్ తెరుచుకున్నప్పుడు కాల్షియం మోతాదుకు మించి బయటపడుతుంది. దీన్ని అందరూ ఒప్పుకోలేదు. మ్యుటేషన్ వల్ల ఐపీ3 రిసెప్టరే అతిగా తెరుచుకుంటుందని ఇంకో వాదన ఉంది. పరీక్షకు పనికొచ్చే పాయింట్ ఇంకోటి: ఈఆర్ నిండుగా ఉంటే అందులో కాల్షియం మట్టం చూసే స్టిమ్‌కి ఖాళీ అయిన సంకేతం అందదు, కణం పైపొరలోని కాల్షియం ద్వారం ఒరాయ్ తెరుచుకోదు. అందుకే ఈ మ్యుటేషన్లలో స్టోర్ ఆపరేటెడ్ ఎంట్రీ (నిల్వ తగ్గినప్పుడు బయటినుంచి కాల్షియం రావడం) తగ్గుతుంది. బట్టీ పట్టక్కర్లేదు, బొమ్మ గీస్తే అదే వస్తుంది.

టౌ దగ్గర ఒక ఉచ్చు ఉంది. కాల్షియం పెరిగితే కాల్పెయిన్ అనే ఎంజైమ్ పీ35 ప్రొటీన్‌ని కోసి పీ25 చేస్తుంది, అది ఫాస్ఫేట్లు తగిలించే ఎంజైమ్ సీడీకే5ని వదలకుండా పనిచేయిస్తుంది, టౌ మీద ఫాస్ఫేట్లు పెరుగుతాయి. కాల్సిన్యూరిన్ మాత్రం ఫాస్ఫటేజ్. టౌ మీది ఫాస్ఫేట్‌ని అది తీస్తుంది, పెట్టదు. ఆప్షన్‌లో ఈ రెండింటినీ తారుమారు చేస్తే తొందరలో ఉన్నవాడు పడిపోతాడు.

అమిలాయిడ్ ముందా, కాల్షియం ముందా అని కొట్టుకోకండి. అమిలాయిడ్ బీటా పొరలో కాల్షియం వెళ్లే రంధ్రాలు చేస్తుందని 1993లో కృత్రిమ పొరల మీద చూపించారు. కాల్షియం గాడి తప్పితే అమిలాయిడ్ తయారీ పెరుగుతుందనీ ఆధారాలున్నాయి. బాణం రెండువైపులా వేయండి. ఖచటూరియన్ అనే పరిశోధకుడు 1980ల్లో కాల్షియం పరికల్పన (కాల్షియం గాడి తప్పడమే మూలమనే వాదన) పెట్టేనాటికి ప్రిసెనిలిన్ జన్యువుల సంగతే ఎవరికీ తెలీదు, అవి 1995లో బయటపడ్డాయి.

మందుల్లో మెమాంటిన్ చాలు. ఎన్ఎండీఏ ఛానెల్‌లో వదులుగా కూర్చుని త్వరగా లేచిపోతుంది కాబట్టి మామూలు సిగ్నల్‌ని పెద్దగా ఆపదు. నిల్వడిపిన్ అనే ఎల్-టైప్ (కాల్షియం లోపలికొచ్చే ఇంకో రకం) ఛానెల్ బ్లాకర్ మూడో దశ ట్రయల్‌లో ఫలితమివ్వలేదని 2018లో తేలింది. "కాబట్టి పరికల్పన తప్పు" అనే ఆప్షన్ కనిపిస్తే నేనైతే పెట్టను. ఎల్-టైప్ ఒక్కటే దారి కాదుగా.

గీసిన బొమ్మ ఫొటో పంపమని అడుగుతున్నారు. పంపను, ఏమీ అనుకోకండి. ఖాళీ కాగితం మీద చూడకుండా మీరే గీయాలి, మర్చిపోయిన చోట ఆగాలి, మర్నాడు మళ్లీ గీయాలి. పీడీఎఫ్‌లు పోగేసుకోవడం చదువు కాదు, ఈ మాట ఎంతమందికి కోపం తెప్పించినా సరే.

మిగతా యూనిట్లు పాత ప్రశ్నపత్రాలతో నెట్టుకొచ్చాను. ఎకాలజీ పైపైనే చూశాను. పార్ట్ ఏ (జనరల్ ఆప్టిట్యూడ్) గురించి మాత్రం నన్ను అడగకండి, అందులో ఎలా గట్టెక్కానో నాకే తెలీదు.