ఇళ్ళ మధ్య మడి

టోక్యో అనగానే మనవాళ్ళకి షిబుయా సిగ్నల్ దగ్గర జనం, కిక్కిరిసిన రైళ్ళు, ఆకాశాన్నంటే బిల్డింగులు గుర్తొస్తాయి. అవన్నీ నిజమే. కానీ ఇకెబుకురోలో సెయిబు రైలెక్కి పడమరగా కాస్త దూరం వస్తే, రెండంతస్తుల ఇళ్ళ మధ్య ఉన్నట్టుండి క్యాబేజీ తోట కనబడుతుంది. దాని పక్కన బస్టాపు, ఆ పక్కన కన్వీనియెన్స్ స్టోర్. అదే నెరిమా వార్డు. టోక్యో 23 వార్డుల్లో సాగుభూమి అన్నిటికన్నా ఎక్కువ మిగిలింది ఇక్కడే. నేను పనిచేసేది ఊరి నడిబొడ్డున, ఒక బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో. మేం ఉండేది మాత్రం ఈ క్యాబేజీల మధ్య.

ఈ పొలాలు ఎవరూ పట్టించుకోక మిగిలిపోయినవి కావు. 1974లో ఒక చట్టం తెచ్చారు, 1990ల మొదట్లో దాన్ని గట్టిపరిచారు. నగరం లోపల ఉన్న రైతు 30 ఏళ్ళపాటు భూమిని సాగులోనే ఉంచుతానని ఒప్పుకుంటే, ఇళ్ళస్థలాల పన్ను వెయ్యరు, పొలం పన్నే వేస్తారు. అలా ఒప్పుకున్న పొలం దగ్గర ఆ సంగతి రాసిన బోర్డు పాతి ఉంటుంది. దారినపోయే నాలాంటి వాళ్ళకి అది మామూలు బోర్డే. దాని వెనక ఒక కుటుంబం కోట్ల విలువ చేసే స్థలాన్ని అమ్ముకోకుండా ముల్లంగి వేసుకుంటోందని తెలిశాక, ఆ బోర్డు కనబడ్డ చోటల్లా ఒక్క నిమిషం ఆగుతాను.

జపాన్‌లో కూరగాయలు పండించుకోవాలంటే సొంత పెరడే అక్కర్లేదు. చాలాచోట్ల వార్డులు, పట్టణాలు చిన్న చిన్న మడులు అద్దెకిస్తాయి. నెరిమాలో ఇంకో పద్ధతి కూడా ఉంది, అది పుట్టింది కూడా ఇక్కడే, 1996లో. దాన్ని తైకెన్ నోయెన్ అంటారు. పొలం రైతుదే, నడిపేదీ రైతే. మనకి సుమారు 30 చదరపు మీటర్ల మడి ఇస్తాడు. ఏ చాలులో ఏం వెయ్యాలో ఆయనే నిర్ణయిస్తాడు. విత్తనాలు, నారు, ఎరువు, పనిముట్లు అన్నీ ఆయనవే. మార్చిలో మొదలై మళ్ళీ జనవరి దాకా సాగుతుంది. మనం కట్టే డబ్బుకి పంటా మనదే, పాఠమూ మనదే. వార్డులో ఉండేవాళ్ళకి ఫీజులో కొంత వార్డే భరిస్తుంది.

మా తోట పెద్దాయనకి డెబ్బై దాటింది. వారాంతంలో పాఠం ఉంటుంది. అందరం గుండ్రంగా నిలబడతాం. ఆయన ఒక మొక్క పట్టుకుని చేసి చూపిస్తాడు, తర్వాత ఎవరి మడిలోకి వాళ్ళు వెళ్ళి అదే చేస్తాం. రిటైరైన బడి పంతులు, నర్సు, చిన్నపిల్లలున్న జంటలు, అందరూ ఉంటారు. ఆఫీసులో నా జపనీస్ అంటే ఎప్పుడూ టెన్షనే. క్లయింటుతో ఒక మర్యాద, మేనేజరుతో ఇంకో మర్యాద, క్రియాపదం పొరపాటున మారిందేమోనని నోరు విప్పే ముందు రెండుసార్లు ఆలోచించాలి. మడిలో ఆ బాధ లేదు. "ఇక్కడ కొయ్యి", "ఇంకా లోతుగా", "నీళ్ళు చాలు", అంతే. నా నోట ధారాళంగా జపనీస్ వచ్చింది ఆఫీసులో కాదు, టమాటా పక్క పిలకలు గిల్లేటప్పుడు. మా ఊరి వంకాయ గురించి చెప్పాలన్న ఆత్రంలో తప్పొప్పులు చూసుకునే తీరికే ఉండేది కాదు మరి.

మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. నాన్న మిర్చి, పత్తి వేసేవారు. మొదటిసారి వీడియో కాల్‌లో మడి చూపించినప్పుడు నల్లటి మట్టి చూసి ఆయన కళ్ళు చిట్లించారు.

"ఏరా, రేగడేనా అది?"

"కాదు నాన్నా, బూడిద."

నమ్మలేదాయన. గుప్పెడు తీసి కెమెరా దగ్గర పెట్టి చిదిమి చూపించాను. ఫుజి లాంటి అగ్నిపర్వతాలు వేల ఏళ్ళుగా చిమ్మిన బూడిద ఈ మైదానం మీద పేరుకుని, గడ్డీగాదం కుళ్ళి నల్లబడ్డ మట్టి ఇది. రేగడిలా నెర్రెలివ్వదు, వానకి చెప్పులకి అంటుకోదు. చేతిలో దూదిలా తేలిగ్గా ఉంటుంది. చలికాలం గాలికి లేచి కిటికీల మీద పడుతుంది కూడా. చూడ్డానికి బంగారంలా ఉన్నా దీనికో చిక్కుంది. భాస్వరం వేస్తే తనే పట్టేసుకుంటుంది, మొక్కకి సరిగా అందనివ్వదు. పైగా పుల్లనేల. అందుకే నాట్లకి ముందు సున్నం కలుపుతారు. ఇదంతా చెబితే నాన్న, "అయితే పశువుల ఎరువు బాగా తోలమను" అన్నారు. పెద్దాయనకి ఆ మాట అనువదించి చెప్పాను. మీ నాన్నగారు నిజమైన రైతు అన్నాడాయన, చేస్తున్న పని ఆపి మరీ.

ఏప్రిల్ చివర్లో గోల్డెన్ వీక్ సెలవులు వస్తాయి. దేశమంతా ప్రయాణాలు కడుతుంది, కూరగాయలు పండించేవాళ్ళు మాత్రం నారు నాటుతారు. వంగ, టమాటా, కీర, మిరప అన్నీ అప్పుడే. జూన్‌లో ముసురు, జులై మధ్య నుంచి మాడ్చే ఎండ. వంగమొక్కకి పెద్దాయన మూడే కొమ్మలుంచుతాడు, మిగతావి కత్తిరిస్తాడు. జులై ఆఖర్లో, మొక్క కాసి కాసి అలిసి కాయ గట్టిపడే వేళకి, ఆ మూడు కొమ్మల్నీ సగానికి నరికేస్తాడు. కొమ్మ మీద పూత ఉన్నా సరే. కాండానికి కాస్త ఎడంగా పార దించి వేళ్ళు కూడా కొన్ని తెంపి, అక్కడ ఎరువు వేసి, నీళ్ళు పెట్టి వదిలేస్తాడు. పచ్చటి మొక్క మోడైపోతే నాకు చెయ్యి ఆడలేదు. నెల తిరిగేసరికి కొత్త చిగుళ్ళు, సెప్టెంబరులో లేత వంకాయలు. తోలు పల్చగా, గింజ లేకుండా, గుత్తివంకాయకి సరిగ్గా సరిపోయే సైజులో కోసుకుంటాం. శరత్కాలపు వంకాయ కోడలికి పెట్టొద్దని వీళ్ళకో సామెత ఉంది. అంత రుచి కాబట్టి అత్తగారు దాచుకుంటుందని కొందరంటారు. కాదు, వంకాయ చలవ చేస్తుంది, కోడలి ఒంటికి పడదని అక్కరతో చెప్పిందని మరికొందరు. మా ఆవిడ మొదటి అర్థానికే ఓటేసింది, పెద్దాయన భార్య కూడా.

బెండకాయ దగ్గర మాత్రం మా పద్ధతులు పూర్తిగా వేరు. పక్క మడి మామ్మగారు లేత కాయల్ని ఉప్పురాసి నూగు పోయేలా రుద్ది, వేణ్ణీళ్ళలో ఒక్క క్షణం ముంచి తీసి, సన్నగా తరిగి జిగురు సాగేదాకా కలియబెడుతుంది. మీద ఎండుచేప పొరలు, కాస్త సోయా సాస్. ఆ జిగురే ఆవిడకి రుచి, అదే ఎండాకాలం బలమట. మనమేమో కడిగి, తుడిచి, ఆరబెట్టి, జిగురంతా పోయేలా వేయిస్తాం. ఒకసారి వేరుశనగ గుళ్ళు, ఎండుకొబ్బరి వేసిన వేపుడు డబ్బాలో పెట్టి ఇచ్చాను. రెండ్రోజులకి అదే డబ్బా శుభ్రంగా కడిగి, నిండా ఎడమామెతో, అంటే ఉడికించిన లేత సోయా కాయలతో తిరిగొచ్చింది. ఇక్కడ ఖాళీ డబ్బా వెనక్కి రావడం నేనింతవరకు చూడలేదు. మా ఊళ్ళోనూ అంతే, అమ్మ పక్కింటి గిన్నెని ఉత్తగా పంపించేది కాదు.

బోన్ పండగకి వీళ్ళ పెద్దలు ఇంటికొస్తారని నమ్మకం. కీరకాయకి నాలుగు పుల్లలు గుచ్చితే గుర్రం, వంకాయకి గుచ్చితే ఆవు. గుర్రమెక్కి త్వరగా రావాలి, ఆవు మీద తాపీగా వెళ్ళాలి. పెద్దాయన భార్య మా అమ్మాయి చేత వంకరగా ఉన్న కీరకాయకి కాళ్ళు పెట్టించి, తన ఇంట్లో పెద్దల ముందు నిలబెట్టింది. మా అమ్మాయికి తాతమ్మల పేర్లు చెప్పడానికి నాకు అంతకన్నా మంచి సందర్భం దొరకలేదు. మహాలయ పక్షం గురించి ఎంత చెప్పినా అర్థం కానిది, ఆ కీరకాయ గుర్రంతో ఇట్టే అర్థమైంది.

ఇంట్లో బాల్కనీ ఉంది. అక్కడ కాకర పందిరి. 2011 భూకంపం తర్వాత కరెంటు పొదుపు కోసం కిటికీలకి కాకర తీగలు అల్లించడం ఊరూరా పాకింది. వల కట్టి రెండు కుండీల్లో పెడితే జులైకల్లా గది చల్లబడుతుంది, కాయలూ వస్తాయి. ఒకినావా రకం లావుగా ఉంటుంది, చేదు మనదానికన్నా తక్కువ. అయితే బాల్కనీ మొత్తం మన ఇష్టం కాదు. పక్కింటికీ మనకీ మధ్య ఉండే పల్చని అడ్డుపలక అగ్నిప్రమాదంలో పగలగొట్టుకుని వెళ్ళడానికి. కింది అంతస్తుకి దిగే మూత ఉంటే దాని మీదా ఏమీ పెట్టకూడదు. ఈ నియమాలు విసుగనిపించినా, భూకంపాల దేశంలో వాటికి అర్థముంది.

ఇక గోంగూర. ఇండియా నుంచి విత్తనాలు జేబులో వేసుకుని రావడానికి వీల్లేదు, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా ఎయిర్‌పోర్టు దాటనివ్వరు. టోక్యోలోనే మనవాళ్ళు ఎక్కువగా ఉండే నిషికసాయిలో స్నేహితుడొకడు ఏటా తన కుండీల్లో విత్తు కట్టి దాచుకుంటాడు. వాడి దగ్గర తెచ్చుకున్నాను. తోటలో ఏం వెయ్యాలో పెద్దాయనదే నిర్ణయం కదా, అడగడానికి మొహమాటపడ్డాను. ఎరువు కుప్ప పక్కన పనికిరాని మూల ఒకటుంది, అక్కడ వేసుకోమన్నాడు. జూన్ వానలకి మోకాలెత్తు లేచింది. ఒకరోజు ఆయన ఆకు తుంచి అటూ ఇటూ తిప్పి, "ఇది కెనాఫ్ కదూ!" అన్నాడు.

మనం గోంగూరగా వండుకునే మొక్కల్లో ఒకటి కెనాఫే. చెట్లు నరక్కుండా దీనితో కాగితం చెయ్యొచ్చని 1990లలో జపాన్ బడుల్లో పిల్లల చేత విరివిగా పెంచించారు. ఆయన కొడుకు కూడా బళ్ళో పెంచి, నార తీసి, పోస్టుకార్డు చేసి తెచ్చాడట. "ఇది తినొచ్చని ఒక్కరూ చెప్పలేదే" అని ఆశ్చర్యపోయాడు. మరుసటి వారం ఎండుమిర్చి తగ్గించి చేసిన గోంగూర పచ్చడి పట్టుకెళ్ళాం. పెద్దాయన భార్య వేడి అన్నం మీద పెట్టుకుని, ఉమెబోషి గుర్తొచ్చిందంది. జూన్‌లో పుల్లటి ఉమె కాయలు ఉప్పులో ఊరేసి, ముసురు వెళ్ళాక మూడు రోజులు ఎండలో పెడతారు. మాగాయకి మనం ఊరేసి ఎండబెట్టేది అచ్చం అలాగే. ఆ ఏడాది మా ఆవిడా ఆవిడా కలిసి ఉమె ఎండబెట్టారు. వెదురు చాటల మీద ఒక్కొక్క కాయా తిప్పుతూ ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో కానీ, సాయంత్రం దాకా తరగలేదు.

ఖర్చులేని సుఖాలు ఇక్కడ చాలా ఉన్నాయి. కాయిన్ వేస్తే బియ్యం దంపే మెషిన్ల దగ్గర తవుడు ఉచితంగా పట్టుకెళ్ళొచ్చు, వంటింటి చెత్తలో కలిపితే మంచి ఎరువు. రైతు ఇంటి ముందు చెక్క అల్మారాలో ముల్లంగి, పాలకూర పెట్టి ఉంటాయి. మనిషి ఉండడు, డబ్బాలో 100 యెన్నులు వేసి తీసుకెళ్ళడమే. సాయంత్రం వార్డు మైకుల్లో పాట వస్తుంది. విపత్తు వేళ ఆ మైకులు పలుకుతాయో లేదో రోజూ అలా చూసుకుంటారు. పాట వినగానే పిల్లలు ఇళ్ళకి పరిగెడతారు, మేం పారలు కడిగి పెట్టేస్తాం. మట్టికాళ్ళతో వీధి స్నానశాలకి వెళ్ళి, వేడినీళ్ళ తొట్టిలో మెడదాకా మునిగి కూర్చుంటే వారం రోజుల రిలీజ్ గొడవ భుజాల మీంచి దిగిపోతుంది.

ఒక్క దిగులు మాత్రం ఉంది. 2020 గణాంకాల ప్రకారం జపాన్‌లో సేద్యమే ప్రధానంగా చేసేవాళ్ళ సగటు వయసు 67.8 ఏళ్ళు. పెద్దాయన కొడుకు కంపెనీ ఉద్యోగి. పెద్దవాళ్ళు పోయాక వారసత్వ పన్ను కట్టలేక పొలం అమ్మేస్తారు, ఆర్నెల్లలో అక్కడ ఒకేలాంటి ఇళ్ళు లేస్తాయి. మా వీధి చివర బ్లూబెర్రీ తోట అలాగే పోయింది. మా ఊరి చుట్టూ మిర్చి చేలల్లో ప్లాట్ల రాళ్ళు పాతుతున్నప్పుడు నేను ఇంత బాధపడలేదు, అప్పటికి నా చేత్తో ఏమీ పండించి ఉండలేదు కాబట్టేమో. ఇప్పుడు ఊరెళ్తే నాన్నతో పొలం అమ్మకం మాట ఎత్తనివ్వను.

టోక్యో పడమటి వైపు కొత్తగా ఇల్లు వెతుక్కునేవాళ్ళు వార్డు పత్రిక చూస్తూ ఉండండి. మార్చిలో మొదలయ్యే మడులకి చలికాలంలోనే దరఖాస్తులు పిలుస్తారు. అడిగేవాళ్ళు ఎక్కువైతే లాటరీ వేస్తారు, ఒకసారి రాకపోతే మళ్ళీ వెయ్యండి. భాష రాదని వెనకాడొద్దు, రైతు చేసే చూపిస్తాడు. రబ్బరు బూట్లు, దోమల మందు, బార్లీ టీ ఫ్లాస్కు వెంట ఉంచుకోండి. ఆగస్టులో మాత్రం తొమ్మిదింటికల్లా పని ముగించుకుని నీడకి వచ్చెయ్యండి, ఆ ఎండ పల్నాడు ఎండకి తీసిపోదు.