లెవీ కంపెనీది, వడ్డీ మనది

సింగపూర్ నిర్మాణ రంగంలో విదేశీ కార్మికుణ్ణి పనిలో పెట్టుకున్న యజమాని అతని పేరున ప్రతి నెలా సర్కారుకు రెండు లెవీలు, అంటే పన్నులాంటి రుసుములు కడతాడు. మొదటిది విదేశీయుణ్ణి పెట్టుకున్నందుకు కట్టేది. దీని సంగతి డార్మిటరీలో అందరికీ తెలుసు, ఎందుకంటే జీతం పెంచమని ఎవరు అడిగినా పైవాళ్లు ముందుగా చూపించేది దాన్నే. రెండోది నైపుణ్యాభివృద్ధి లెవీ. 1979 నాటి చట్టం కింద, స్థానికులు, పరాయివాళ్లు అన్న తేడా లేకుండా ఉద్యోగులందరి జీతం మీద 0.25 శాతం చొప్పున దీన్ని వసూలు చేస్తారు. నెలకు 800 సింగపూర్ డాలర్ల లోపు జీతగాడికి 2 డాలర్లు, 4,500 డాలర్లు దాటితే ఎంత జీతమున్నా 11.25 డాలర్లు. సేఫ్టీ కోఆర్డినేటర్‌గా సైట్ ఆఫీసులో కూర్చునే నాకు ఈ లెక్క తరచుగా కంటబడుతుంది. ఇనుము కట్టే అచ్చంపేట కుర్రాడికి మూలవేతనం, ఓవర్‌టైం కలిపి 1,000 డాలర్లు వచ్చిన నెలలో అతని పేరుకెదురుగా 2.50 డాలర్లు పడుతుంది.

చిన్న మొత్తమే కావచ్చు, కానీ అది వయోజనుల శిక్షణ కోసమే ఏర్పడిన నిధికి చేరుతుంది. సర్కారు ఇచ్చే కోర్సు ఫీజు రాయితీలు మాత్రం ప్రధానంగా పౌరులకు, పీఆర్ (శాశ్వత నివాస హక్కు) ఉన్నవారికి అందుతాయి. దీనికి తోడు 2016 నుంచి, 25 ఏళ్లు నిండిన ప్రతి పౌరుడి ఖాతాలో ప్రభుత్వం తన బడ్జెట్ నుంచి 500 డాలర్ల 'స్కిల్స్‌ఫ్యూచర్ క్రెడిట్' వేసింది. 2024 మే నుంచి 40 ఏళ్లు నిండిన పౌరులకు మరో 4,000 డాలర్లు జత చేసింది. ఇది చేతికిచ్చే నగదు కాదు. ఆమోదం పొందిన కోర్సులకే చెల్లుతుంది. మా సూపర్‌వైజర్ యాభై దాటినవాడు. కాగితం మీద నక్షా తప్ప మరొకటి నమ్మని ఆ మనిషి ఈ క్రెడిట్‌తోనే భవనం మొత్తాన్ని కంప్యూటర్ తెరపై త్రీడీలో చూపించే కోర్సు పూర్తిచేసి, ఇప్పుడు ట్యాబ్ పట్టుకుని పైపు ఎక్కడ దూలానికి తగులుతుందో మాకే చెబుతున్నాడు. ఆ వయసులో అతణ్ణి బడికి రప్పించగలిగిన ఏర్పాటును నేను మెచ్చుకోకుండా ఉండలేను. ఏ దేశమైనా తన ఖజానా సొమ్మును తన పౌరులకే ముందు ఖర్చుపెట్టుకుంటుంది కాబట్టి క్రెడిట్ విషయంలో నాకు ఫిర్యాదు లేదు. నా అభ్యంతరమల్లా లెవీ గురించే. అది మా పని మీద లెక్కగట్టి వసూలు చేసిన సొమ్ము.

మరి వర్క్ పర్మిట్ మీద వచ్చినవాడి చదువుకు డబ్బు ఎక్కడిది? మొదటి చదువుకు అప్పే ఆధారం. నిర్మాణ పనికి రావాలంటే ముందుగా నైపుణ్య పరీక్ష పాస్ కావాలి. మన దేశంలోనే ఉన్న కేంద్రాల్లో ఆ శిక్షణ, పరీక్ష జరుగుతాయి. ఫీజు, అక్కడ ఉన్నన్నాళ్ల తిండి ఖర్చు, మధ్యవర్తి వాటా కలిపి కల్వకుర్తి వైపు కుర్రాళ్లు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కడతారు. పరీక్ష తప్పినా వడ్డీ ఆగదు. ప్రభుత్వ నిధుల పద్ధతుల గురించి నిపుణులు ఎన్ని రకాలు చెప్పినా, వలస కూలీ విషయంలో అందరికంటే ముందు నిలబడే ఫైనాన్షియర్ ఊళ్లోని వడ్డీ వ్యాపారే.

రెండో చదువు సంగతి వేరు. 2024 జనవరి నుంచి, ప్రాథమిక నైపుణ్యమే ఉన్న మనవంటి కార్మికుడికి కంపెనీ కట్టే విదేశీ కార్మిక లెవీ నెలకు 900 డాలర్లు కాగా, ఉన్నత నైపుణ్యం కింద నమోదైనవాడికి 500 డాలర్లు. నెలకు 400 మిగులుతుందంటే కొన్నేళ్ల అనుభవమున్నవాణ్ణి కంపెనీయే వెతికి, ఫీజు కట్టి, ఉన్నత నైపుణ్యం కింద నమోదుకు దారిచ్చే 'కోర్‌ట్రేడ్' పరీక్షకు పంపుతుంది. సర్కారు నేరుగా పైసా ఇవ్వకుండా, పన్నులో తేడా పెట్టి యజమాని చేతే శిక్షణ ఇప్పించే ఈ పద్ధతి తెలివైనదేనని ఒప్పుకోవాలి. కానీ ఆ అచ్చంపేట కుర్రాడు ఒక ఆదివారం మంచం మీద కొలతల పుస్తకం పరుచుకుని, స్టీలు కడ్డీ వంపు పొడవు లెక్కలు వేస్తూ నన్నడిగాడు. "అన్నా, నేను పాసైతే లెవీ తగ్గేది కంపెనీకి గదా, నాకేం పెరుగుతది?" రోజు కూలీ మీద ఏదో కొంత పెరుగుతుందని, వచ్చే కాంట్రాక్టులో గట్టిగా మాట్లాడుకోవచ్చునని మాత్రమే చెప్పగలిగాను. ఆ మిగులులో అతనికి ఇంత ఇవ్వాలన్న షరతు ఆ లెవీ పట్టికలో లేదు.

ఈ తిరకాసు సింగపూర్‌తో మొదలైంది కాదు. 1996లో మన దేశంలో చేసిన చట్టం నిర్మాణ వ్యయం మీద 1 శాతం సెస్సు విధించి, ఆ సొమ్మును రాష్ట్రాల కార్మిక సంక్షేమ బోర్డులకు మళ్లించింది. లబ్ధి పొందాలంటే గడచిన ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినట్టు చూపించి బోర్డులో నమోదు కావాలి. గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి ఈ నెల పుణెకు, వచ్చే నెల బెంగళూరుకు తోలుకుపోయే పాలమూరు కూలీకి ఆ కాగితం ఎవరు రాసిస్తారు? అతను కట్టిన గోడ మీద సెస్సు అక్కడి బోర్డుకు చేరుతుంది, అతను మాత్రం మరో ఊరికి చేరుతాడు. వేల కోట్ల సెస్సు ఖర్చుకాకుండా మిగిలిపోయిందని 2018 మార్చి నాటి తీర్పులో సుప్రీంకోర్టు ఎత్తిచూపింది.

ఊళ్లో ఉండిపోయినవాళ్ల చదువుకు పద్దు వేరు, దానికి గడువూ ఉంటుంది. 2011 జనగణనలో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం. 2009 సెప్టెంబరు 8న మొదలైన 'సాక్షర భారత్'లో కేంద్రం 75, రాష్ట్రం 25 పాళ్లలో ఖర్చు భరించి, పంచాయతీకో వయోజన విద్యా కేంద్రం పెట్టి, ఇద్దరు కోఆర్డినేటర్లకు నెలకు 2,000 రూపాయల చొప్పున గౌరవ వేతనం నిర్ణయించాయి. 2018 మార్చితో పథకం ముగిసింది, దాంతోపాటే ఆ వేతనమూ ముగిసింది. 2022లో వచ్చిన కొత్త పథకానికి ఐదేళ్లకు 1,037.90 కోట్లు కేటాయించినా, చదువు చెప్పే పని జీతం లేని వాలంటీర్లకు అప్పగించారు. రాత్రి తొమ్మిదింటికి పత్తి చేను నుంచి వచ్చిన ఆడవాళ్లకు అక్షరాలు దిద్దించే పని ఏళ్ల తరబడి ఉచితంగా సాగుతుందని ఢిల్లీలో ఎవరు నమ్మారో గాని, మా వైపు ఆ నమ్మకం కలిగినవాళ్లు నాకు తగల్లేదు.

నా దృష్టిలో వెంటనే చేయదగిన పని ఒకటుంది. సెస్సు నిధి చేతిలో ఉంది కాబట్టి, పరదేశానికి వెళ్లే నిర్మాణ కార్మికుడి పరీక్ష ఫీజును బోర్డే భరించవచ్చు. ఆ డబ్బు మధ్యవర్తి చేతికి గాని, కార్మికుడి చేతికి గాని ఇవ్వనవసరం లేదు. సగం చేరేటప్పుడు, మిగతా సగం పాసయ్యాక నేరుగా శిక్షణ కేంద్రానికి చెల్లిస్తే చాలు. 90 రోజుల కాగితం బదులు మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సు రసీదునో, బ్యాంకు పాసుబుక్కునో ఆధారంగా తీసుకోవాలి. అలా జరిగితే అచ్చంపేట కుర్రాడివంటివాళ్ల మొదటి ఏడాది సంపాదన మూడు రూపాయల వడ్డీకి పోకుండా ఇంటికి చేరుతుంది.